అక్షర శిల్పం

క్షరము కానిది అక్షరం. అనగా నశించనిది. పలికిన మాట గాలిలో కలిసిపోతుంది. వ్రాసిన మాట నిలుస్తుంది. అయితే నిలిచిన మాట చదువరికి సరిగా అందాలంటే అక్షరానికి తగిన ఆకృతి ఉండాలి. ఒకే తీరున రూపొందించిన అక్షరాల సముదాయాన్ని ‘ఖతి’ లేక ‘ఫాంట్’ అంటారు.

ఉరవకొండ వంటి పట్టణంలో బస్సు దిగిన ప్రయాణికుని కంట మొదట పడేవి అక్షరాలే. దుకాణాల పేర్లు, బస్సు పలకలు, సభల బ్యానర్లు, గోడరాతలు అతనిని పలకరిస్తాయి. కన్నడ సీమకు చేరువలో ఉన్న ఊరు కాబట్టి తెలుగుకు సోదరి అయిన కన్నడ లిపి కూడా అతనికి కొత్త కాదు. ఈ పలకలపై ఒక రకం అక్షరం తరచుగా కనిపిస్తుంది. అది లావుగా ఉంటుంది. కుడివైపునకు వాలి ఉంటుంది. దాని గీత అంతటా ఒకే మందంతో సాగుతుంది. ముద్రణ రంగంలో దీనిని ‘బోల్డ్ ఇటాలిక్ శాన్స్ సెరిఫ్’ అని వ్యవహరిస్తారు.

ఈ మూడు లక్షణాలూ ఐరోపాలో వేర్వేరు కాలాలలో పుట్టినవి. వెనిస్ నగర ముద్రాపకుడు ఆల్డస్ మనూషియస్ 1501లో వర్జిల్ కావ్యాలను వాలు అక్షరాలతో ముద్రించాడు. చేతివ్రాతను అనుకరించిన ఆ రూపమే ‘ఇటాలిక్’. రోమన్ అక్షరాల గీతల చివర ఉండే చిన్న అడ్డుకొసలను ‘సెరిఫ్’ అంటారు. అవి లేని అచ్చును లండన్‌లో కాస్లన్ సంస్థ 1816లో ప్రదర్శించింది. ప్రకటన పత్రాల అవసరం పెరిగిన పందొమ్మిదో శతాబ్దంలో బొద్దు అక్షరాలు విస్తరించాయి.

తెలుగు లిపి పరిణామం వేరు. తాటాకుపై గంటంతో నిడుపు గీతలు గీస్తే ఆకు చీలుతుంది. అందుచేత మన అక్షరాలు గుండ్రదనాన్ని సంతరించుకున్నాయని పండితులు చెబుతారు. అంతకుముందు రాతిపై చెక్కిన లిపి వేరుగా ఉండేది. గుత్తికి సమీపాన ఎర్రగుడిలో క్రీ.పూ. 3వ శతాబ్ది నాటి అశోకుని శాసనాలు ఉన్నాయి. వాటి బ్రాహ్మీ అక్షరాలలో గీత మందం ఒకే తీరుగా ఉంటుంది. కొసలకు అలంకారం ఉండదు. నేడు ఆధునికమని భావించే నిరాడంబర రూపం ఈ పీఠభూమి బండలపై రెండువేల యేండ్లకు పూర్వమే నిలిచి ఉన్నదన్నమాట.

తెలుగు అక్షరాలు అచ్చులోకి వచ్చినది 18వ శతాబ్దంలో. జర్మనీలోని హాలే నగరంలో బెంజమిన్ షుల్జ్ 1746లో తెలుగు గ్రంథాలను ముద్రింపజేశాడు. కంప్యూటర్ యుగంలో తిరుమల కృష్ణ దేశికాచార్యులు ‘పోతన’, ‘వేమన’ అనే యూనికోడ్ ఖతులను తెలుగువారికి ఉచితంగా అందించారు. వీటిలో ‘వేమన’ సమమైన మందం గల గీతలతో ఉంటుంది. అలతి మాటల కవి పేరు అలంకారం లేని అక్షరానికి అమరడం ఔచిత్యవంతంగా ఉన్నది.

తెలుగులో శాన్స్ సెరిఫ్ రూపాన్ని కల్పించేవారు ఒక విషయం గమనించాలి. తలకట్టు సెరిఫ్ వంటిది కాదు. రోమన్ అక్షరానికి కొస తీసివేసినా అక్షరం మారదు. తెలుగులో తలకట్టు అకారానికి గుర్తు. గుడి వచ్చినప్పుడు అది తన స్థానాన్ని విడిచిపెడుతుంది. కాబట్టి దానిని అలంకారంగా ఎంచి తొలగించడానికి వీలులేదు.

లావు చేయడంలోనూ ప్రమాదం ఉన్నది. ‘వ’కు తలకట్టు అంటుతుంది, ‘ప’కు అంటదు. గీత లావెక్కి ఆ సందు పూడిపోతే ‘పల్లె’ కాస్తా ‘వల్లె’ అవుతుంది. ‘థ’ కడుపులోని చుక్క కలిసిపోతే ‘కథ’ ‘కధ’గా కనిపిస్తుంది. నేర్పరి అయిన రూపకర్త గీతను పెంచినప్పుడు లోపలి తెల్లని చోటును కూడా పెంచుతాడు.

వాలు సంగతి మరింత సున్నితమైనది. అక్షరాన్ని యంత్రం చేత కుడివైపునకు ఒరిగిస్తే పైనున్న గుడి తరువాతి అక్షరం వైపు జరుగుతుంది. కిందనున్న వత్తు వెనుకటి అక్షరం వైపు పోతుంది. ఏ వత్తు ఏ హల్లుకు చెందినదో పోల్చుకోవడం కష్టమవుతుంది. ప్రత్యేకంగా బోల్డు, ఇటాలిక్ రూపాలు లేని ఖతిని వాడినప్పుడు కంప్యూటర్ చేసేది ఈ కృత్రిమమైన పనియే. వాలును పరిమితం చేసి, గుడులను, వత్తులను మరల వాటి స్థానాలలో కూర్చినప్పుడే అక్షరానికి సౌష్ఠవం సిద్ధిస్తుంది.

ఇట్టి అక్షరం శీర్షికలకు, ప్రకటనలకు, హెచ్చరికలకు తగినది. లావు దూరం నుండి పిలుస్తుంది. వాలు వేగాన్ని, త్వరను సూచిస్తుంది. అయితే పుట నిండా వాడితే కంటికి అలసట కలుగుతుంది. అన్నీ నొక్కి చెబితే ఏదీ నొక్కి చెప్పినట్లు కాదు.

అక్షరాకృతి కేవలం అందానికి సంబంధించినది కాదు. ఈ కరవు జిల్లాలోని బండ్లపల్లిలోనే 2006 ఫిబ్రవరి 2న జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం ప్రారంభమైనది. ఆ పథకంలో కూలీల పేర్లు, పనిదినాలు, చెల్లింపుల వివరాలను ఊరి గోడలపై వ్రాసి ప్రదర్శించే పద్ధతి ఉండేది. ఎండలో వెలిసే గరుకు గోడపై సన్నని గీత నిలువదు. అతిగా అలంకరించిన అక్షరం అరకొరగా చదువు వచ్చినవారికి అందదు. ఆ గోడ ముందు నిలిచి తన పేరును, తన కూలిని కూడబలుక్కొని చదువుకునే శ్రామికునికి స్పష్టమైన అక్షరమే సాక్షి. ఆ సాక్ష్యం తప్పిపోకుండా చూడడమే అక్షరశిల్పి ధర్మం.

కఠిన పదాలకు అర్థాలు
గంటం = తాటాకుపై వ్రాసే లోహపు కలం
సౌష్ఠవం = చక్కని పొందిక
ఔచిత్యం = తగినదై ఉండడం
అలతి = తేలికైన, చిన్న

ప్రశ్నలు
1. తలకట్టుకు, సెరిఫ్‌కు గల భేదాన్ని వివరించండి.
2. బొద్దు అక్షరాల వలన అర్థం మారే సందర్భాలను ఉదాహరణలతో తెలపండి.
3. మీ ఊరిలోని ఒక నామఫలకాన్ని పరిశీలించి, దాని అక్షరాకృతి గుణదోషాలను వ్రాయండి.