ప్రెషర్ కుక్కర్‌లో ఆపిల్ గుజ్జు తయారీ: శాస్త్రీయ సూత్రాలు, భద్రత, నిల్వ

పరిచయం

పాశ్చాత్య దేశాలలో ఆపిల్ పండ్లను ఉడికించి, మెత్తగా చేసి, పలుచని గుజ్జు రూపంలో ఆహారంగా తీసుకోవడం చిరకాల సంప్రదాయం. ఆంగ్లేయులు, అమెరికన్లు దీనిని మాంసపు వంటకాలకు తోడుగాను, జర్మన్లు ఆలుగడ్డ అట్లతోను వడ్డిస్తారు. మన దేశంలో ఈ అలవాటు పరిమితమే. అయినను పట్టణ కుటుంబాలలో ఆరు నెలలు నిండిన శిశువులకు, జబ్బుపడి కోలుకొనుచున్న వారికి, పండ్లు నమలలేని వృద్ధులకు ఆపిల్ గుజ్జు ఇవ్వడం క్రమంగా పెరుగుతున్నది. పప్పు, అన్నం వండే ప్రెషర్ కుక్కర్‌నే ఇందుకు వినియోగిస్తున్నారు. కృషి విజ్ఞాన కేంద్రాలలో పండ్ల విలువ జోడింపుపై జరిగే శిక్షణలలో కూడా ఈ అంశం ప్రస్తావనకు వస్తున్నది.

చూచుటకు ఇది అతి సులభమైన వంటకం. కాని కుక్కర్‌లో నేరుగా వండకూడని పదార్థాల జాబితాలో ఆపిల్ గుజ్జును కొన్ని విదేశీ కుక్కర్ల వినియోగ పుస్తకాలు స్పష్టంగా పేర్కొంటాయి. ఆ హెచ్చరికకు కారణమేమి, దానిని గౌరవిస్తూనే కుక్కర్‌ను సురక్షితంగా వాడుకొనుట ఎట్లు, తయారైన గుజ్జును ఎంతకాలం, ఏ విధంగా నిల్వ చేయవచ్చు అన్న విషయాలు ఈ వ్యాసంలో వివరించబడినవి.

ముడిసరకు: తోట నుండి వంటింటి వరకు

మన దేశంలో ఆపిల్ ప్రధానంగా జమ్ము కాశ్మీర్ కేంద్రపాలిత ప్రాంతంలోను, హిమాచల్ ప్రదేశ్, ఉత్తరాఖండ్ రాష్ట్రాలలోను పండుతున్నది. హిమాచల్‌లోని కోట్‌గఢ్ ప్రాంతంలో శామ్యూల్ స్టోక్స్ గత శతాబ్దపు రెండవ దశకంలో అమెరికా నుండి తెచ్చి నాటిన డెలిషియస్ రకాలు అక్కడి వాణిజ్య సాగుకు బాట వేసినవి. చలి అవసరం తక్కువగా ఉండే హెచ్.ఆర్.ఎం.ఎన్.-99 రకాన్ని అదే రాష్ట్రంలోని బిలాస్‌పూర్ జిల్లా రైతు హరిమన్ శర్మ అభివృద్ధి చేసిన తరువాత మైదాన ప్రాంతాలలోను ఆపిల్ సాగుపై ఆసక్తి కలిగినది. తెలంగాణలోని కెరమెరి, ఆంధ్రప్రదేశ్‌లోని లంబసింగి, చింతపల్లి ప్రాంతాలలో ఆపిల్ సాగుకు ప్రయత్నాలు జరిగినవి. అయినప్పటికీ తెలుగు రాష్ట్రాల మార్కెట్లకు వచ్చే పండు దాదాపు అంతయు ఉత్తరాది నుండి వచ్చునదే.

గుజ్జు నాణ్యతను నిర్ణయించేది మొదట పండు రకం. ఇంగ్లాండులో వంటకే ప్రత్యేకించిన బ్రామ్లే రకం పుల్లగా ఉండి, వేడి తగలగానే నురగవలె విడిపోతుంది. మనకు లభించే రెడ్ డెలిషియస్, రాయల్ డెలిషియస్ రకాలలో తీపి ఎక్కువ, పులుపు తక్కువ. గోల్డెన్ డెలిషియస్ గుజ్జుకు అనుకూలం. గ్రానీ స్మిత్ లేదా కాశ్మీరు మహారాజీ వంటి పుల్లని రకాన్ని మూడింట ఒక వంతు కలిపిన యెడల రుచితో పాటు నిల్వ భద్రత కూడా మెరుగగును.

రెండవది పక్వత. పూర్తిగా పక్వం కాని పండులో పిండిపదార్థం మిగిలి ఉంటుంది. గుజ్జు అతుకు అతుకుగా, రుచిహీనంగా తయారవుతుంది. ఎక్కువ కాలం నిల్వ ఉన్న పండులో పెక్టిన్ కొంతమేరకు ముందే విచ్ఛిన్నమై ఉన్నందున త్వరగా ఉడుకుతుంది గాని చిక్కదనం తగ్గుతుంది. కాల్షియం సమృద్ధిగా అందిన తోటల పండ్లు గట్టిగా ఉంటాయి. కాల్షియం అయాన్లు పెక్టిన్ గొలుసులను ఒకదానితో ఒకటి బంధించుటయే దీనికి కారణం. అటువంటి పండ్లకు ఒకటి రెండు నిమిషాలు అదనంగా ఉడుకు అవసరం.

ఉడికినప్పుడు జరిగే మార్పులు

ఆపిల్ కండలో సుమారు 85 శాతం నీరు, 10 శాతం వరకు చక్కెరలు ఉంటాయి. చక్కెరలలో ఫ్రక్టోజ్‌ది అగ్రస్థానం. పులుపుకు ముఖ్య కారణం మాలిక్ ఆమ్లం. కణాలను ఒకదానికొకటి అతికించి ఉంచే మధ్య పటలంలో ప్రోటోపెక్టిన్ ఉంటుంది. వేడి, ఆమ్లం కలిసి పనిచేసినప్పుడు ఇది నీటిలో కరిగే పెక్టిన్‌గా మారుతుంది. కణాల మధ్య బంధం సడలి ముక్క మెత్తబడుతుంది. కరిగిన పెక్టిన్ గుజ్జుకు చిక్కదనాన్ని ఇస్తుంది.

కోసిన ముక్కలు గోధుమ రంగుకు మారుట ఎంజైమ్ చర్య. కత్తి తగిలిన చోట కణాలు చిట్లి, క్లోరోజెనిక్ ఆమ్లం వంటి ఫినాలిక్ పదార్థాలు గాలిలోని ఆక్సిజన్ సమక్షంలో పాలీఫినాల్ ఆక్సిడేజ్ ఎంజైమ్‌కు అందుబాటులోకి వస్తాయి. నిమ్మరసం పి.హెచ్.ను తగ్గించుట ద్వారాను, అందలి విటమిన్ సి ద్వారాను ఈ చర్యను అడ్డుకుంటుంది. ఉడుకుతో ఎంజైమ్ పూర్తిగా నిర్వీర్యమవుతుంది. కనుక కోసిన ముక్కలను ఆలస్యం లేకుండా కుక్కర్‌లో పెట్టుట రంగును కాపాడే ముఖ్య ఉపాయం.

సముద్రమట్టం వద్ద నీరు 100° సెల్సియస్ వద్ద మరుగుతుంది. ఇంటి కుక్కర్‌లో వాతావరణ పీడనానికి అదనంగా చదరపు సెంటీమీటరుకు సుమారు 1 కిలో పీడనం ఏర్పడి, లోపలి ఉష్ణోగ్రత 120° వరకు చేరుతుంది. సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్న సిమ్లాలో తెరచిన గిన్నెలో నీరు 93° వద్దనే మరుగుతుంది; అక్కడ కుక్కర్‌లో 116° వరకు లభిస్తుంది. ఆపిల్ పండే కొండ ప్రాంతాలలో కుక్కర్ వంట ఎక్కువ సమయాన్ని, ఇంధనాన్ని ఆదా చేయుటకు కారణమిదే. తాజా ఆపిల్‌లో విటమిన్ సి 100 గ్రాములకు 5 మిల్లీగ్రాములకు మించదు గనుక, ఉడుకు వలన కలిగే దాని నష్టం పోషణపరంగా పెద్ద లెక్కలోనిది కాదు.

నేరుగా ఉడికించుటలో ప్రమాదం

ఆపిల్ కండ ఘనపరిమాణంలో దాదాపు ఐదవ వంతు గాలియే. పండు నీటిపై తేలుటకు ఇదే కారణం. వేడెక్కినప్పుడు ఈ గాలి వ్యాకోచించి వెలువడుతుంది. ఆ బుడగలు పగిలిపోకుండా కరిగిన పెక్టిన్ వాటి చుట్టూ పొరవలె నిలుస్తుంది. ఫలితంగా చిక్కని నురగ పైకి లేస్తుంది. అది వెయిట్ కింద ఉన్న సన్నని ఆవిరి గొట్టంలో చేరిన యెడల గొట్టం మూసుకుపోతుంది. ఆవిరికి మార్గం లేనప్పుడు మిగిలిన ఏకైక రక్షణ సేఫ్టీ వాల్వ్. అది పాతబడి లేదా నాసిరకంగా ఉన్నచో ప్రమాదం తప్పదు.

మరొక ప్రమాదం మూత తెరిచేటప్పుడు ఎదురవుతుంది. 120° వద్ద ఉన్న గుజ్జుపై పీడనాన్ని ఒక్కసారిగా తొలగించిన యెడల అది 100°కు దిగవలెను. ఆ వేడిని వదిలించుకొనుటకు అందులోని నీటిలో కొంత భాగం తక్షణమే ఆవిరవుతుంది. లెక్క కట్టిన యెడల ఒక కిలో గుజ్జు నుండి సుమారు 35 గ్రాముల నీరు ఆవిరై, 60 లీటర్లకు దగ్గరగా ఉండే పరిమాణాన్ని ఆక్రమిస్తుంది. పలుచని పప్పు కట్టులోనైతే ఆవిరి సులభంగా తప్పుకొంటుంది. చిక్కని గుజ్జులో మాత్రం తనతో పాటు గుజ్జును కూడా ఎగజిమ్ముతుంది. చర్మానికి అంటుకొనే ఈ వేడి గుజ్జు వలన కలిగే గాయం నీటి ఆవిరి గాయం కన్న తీవ్రం.

ఇవి గాక, నీరు తక్కువైన గుజ్జు కుక్కర్ అడుగున అంటుకొని మాడుట, అల్యూమినియం పాత్రలో ఆమ్ల ప్రభావం వలన లోహం కొంత ఆహారంలోకి చేరుట కూడా నేరుగా ఉడికించుటలోని లోపాలే.

సురక్షిత విధానం: గిన్నెలో ఉడికించుట

పై లోపాలన్నింటికి మన వంటిళ్లలో పరిచితమైన పద్ధతియే పరిష్కారం. కుక్కర్ అడుగున నీరు పోసి, అన్నం, పప్పు వేర్వేరు గిన్నెలలో పెట్టి ఉడికించే విధంగానే ఆపిల్ ముక్కలనూ ఉడికించవలెను. నురగ గిన్నెలోనే ఆగిపోతుంది. ఆవిరి గొట్టం వరకు చేరదు.

1. ఒక కిలో పండ్లను నడుస్తున్న నీటిలో కడిగి, నాలుగు చెక్కలుగా కోసి, గింజల గూడును, తొడిమను తొలగించవలెను. తొక్క తీయుట ఐచ్ఛికం. తొక్కతో ఉడికించి తరువాత జల్లించిన యెడల పెక్టిన్ ఎక్కువగా లభిస్తుంది. ఎర్రని పండ్లైతే లేత గులాబి రంగు కూడా వస్తుంది.

2. ముక్కలకు రెండు చెంచాల నిమ్మరసం పట్టించి, రెండు స్టీలు గిన్నెలలో సర్దవలెను. గిన్నె మూడింట రెండు వంతులకు మించి నిండరాదు. ఒక్కొక్క దానిలో రెండు మూడు చెంచాల నీరు చాలును.

3. కుక్కర్‌లో రెండు గ్లాసుల నీరు పోసి, అడుగున చిల్లుల పళ్లెం ఉంచి, దానిపై గిన్నెలు పెట్టి, పై గిన్నెకు వదులుగా మూత వేయవలెను.

4. ఆవిరి గొట్టం గుండా వెలుతురు కనిపించునో లేదో చూచి, గాస్కెట్‌ను సరిచేసి, మూత బిగించవలెను. ఆవిరి ధారాళంగా వచ్చిన పిదప వెయిట్ పెట్టవలెను.

5. పూర్తి పీడనం వచ్చిన తరువాత మంట తగ్గించి 5 నుండి 6 నిమిషాలు ఉంచి పొయ్యి ఆర్పవలెను. విజిళ్ల లెక్క కన్న గడియారం లెక్క నమ్మదగినది. ఒక కుక్కర్ విజిల్‌కు మరొక దాని విజిల్‌కు పొంతన ఉండదు.

6. పీడనం దానంతట అదే తగ్గువరకు, అనగా సుమారు 15 నిమిషాలు, వేచి ఉండవలెను. వెయిట్‌ను ఎత్తుట, మూతపై చల్లని నీరు పోయుట చేయరాదు.

7. ఉడికిన ముక్కలను పప్పు గుత్తితో మెదిపి, శిశువులకైతే జల్లెడ పట్టవలెను. పలుచగా ఉన్నచో తెరచిన గిన్నెలో సన్నని మంటపై కొంతసేపు కలుపుతూ చిక్కబరచవచ్చు.

ఒక కిలో పండ్ల నుండి సుమారు 700 మిల్లీలీటర్ల గుజ్జు లభిస్తుంది. ఐ.ఎస్. 2347 ప్రమాణానికి లోబడిన ఐ.ఎస్.ఐ. గుర్తు గల కుక్కర్లనే వాడమని శిక్షణలో చెప్పవలెను.

కుళ్లిన పండ్లు, పాట్యులిన్

గుజ్జు తయారీకి మేలురకం పండ్లే కావలెనని లేదు. పరిమాణంలో చిన్నవి, రంగు రానివి, వడగండ్ల మచ్చలు ఉన్నవి నిరభ్యంతరంగా వాడవచ్చు. హిమాచల్‌లో ఉద్యాన ఉత్పత్తుల మార్కెటింగ్, ప్రాసెసింగ్ సంస్థ ఇటువంటి పండ్లను సేకరించి రసపు గాఢద్రవం తయారుచేయుటయు ఈ సూత్రంపైనే. కాని మచ్చ పడిన పండు వేరు, కుళ్లిన పండు వేరు. నీలి బూజు తెగులును కలిగించే పెనిసిలియం ఎక్స్‌పాన్సమ్ శిలీంధ్రం పాట్యులిన్ అనే విష పదార్థాన్ని ఉత్పత్తి చేస్తుంది. ఆపిల్ రసంలో దీని గరిష్ఠ పరిమితిని కోడెక్స్ సంస్థ కిలోకు 50 మైక్రోగ్రాములుగా నిర్ణయించినది. ఆమ్ల మాధ్యమంలో ఈ పదార్థం వేడికి తట్టుకొంటుంది. కుక్కర్ ఉడుకు దీనిని నమ్మదగిన రీతిలో తొలగించదు. "ఎట్లాగూ ఉడికిస్తాం కదా" అని కుళ్లిన పండ్లను గుజ్జులో కలుపుట సరికాదు. విష పదార్థం కుళ్లు చుట్టూ ఉన్న కండలోకి కూడా వ్యాపించే అవకాశం ఉన్నందున, శిశువుల కొరకు చేసేటప్పుడు అట్టి పండును పూర్తిగా పారవేయవలెను.

నిల్వ

ఆపిల్ పి.హెచ్. సాధారణంగా 3.3 నుండి 4.0 వరకు ఉంటుంది. ప్రాణాంతక విషాన్ని పుట్టించే క్లాస్ట్రీడియం బొట్యులినమ్ 4.6 కన్న తక్కువ పి.హెచ్.లో పెరగలేదు. అందువలన సీసాలలో నింపిన ఆపిల్ గుజ్జుకు మరిగే నీటి శుద్ధి సరిపోతుంది. వేడి గుజ్జును శుభ్రమైన అరలీటరు గాజు సీసాలలో, పైన 1.25 సెంటీమీటర్ల ఖాళీ వదిలి నింపి, మూత బిగించి, సీసాలు పూర్తిగా మునిగే మరిగే నీటిలో ఉంచవలెను. 300 మీటర్ల లోపు ఎత్తు గల కోస్తా ప్రాంతాలలో 15 నిమిషాలు, అంతకు పైబడి ఉన్న హైదరాబాద్ వంటి పీఠభూమి ప్రాంతాలలో 20 నిమిషాలు అవసరం. సీసాలలో నిల్వ చేయని గుజ్జును ఫ్రిజ్‌లో 4° వద్ద వారం రోజులలోపు వాడుకొనవలెను. డీప్ ఫ్రీజర్‌లో -18° వద్ద నెలల తరబడి ఉంచవచ్చు. చక్కెర కలిపినందున గుజ్జు నిలవ ఉండదు. జామ్ నిలుచుటకు అందలి కరిగిన ఘనపదార్థాలు 65 శాతం వరకు ఉండుట కారణం; గుజ్జులో అవి అందులో నాలుగవ వంతుకు మించవు.

ఈ సూత్రాన్ని ఇతర పండ్లకు అన్వయించేటప్పుడు జాగ్రత్త అవసరం. జామ పండు ఆమ్లత్వంలోను, పెక్టిన్‌లోను ఆపిల్‌కు దగ్గరగా ఉన్నందున ఇదే విధంగా ఉడికించి, గింజలు జల్లించి వాడుకొనవచ్చు. టమాట పి.హెచ్. 4.6 అంచున ఉంటుంది. నిమ్మరసం లేదా సిట్రిక్ ఆమ్లం కలుపుట తప్పనిసరి. పండిన బొప్పాయి, అరటి తక్కువ ఆమ్లత్వం గలవి. వాటి గుజ్జును మరిగే నీటి శుద్ధితో సీసాలలో నిల్వ చేయుట సురక్షితం కాదు. అట్లని ఇంటి కుక్కర్‌నే సీసాల శుద్ధికి వాడరాదు. చిన్న కుక్కర్ త్వరగా వేడెక్కి త్వరగా చల్లారుతుంది. పీడనాన్ని కొలిచే సాధనం అందులో లేదు. సీసా మధ్య భాగానికి తగినంత వేడి చేరినదని చెప్పుటకు ఆధారం ఉండదు.

పోషణ విలువపై స్పష్టత

ఆరు నెలల వరకు శిశువుకు తల్లిపాలు మాత్రమే ఇవ్వవలెను. ఆ తరువాత ఆపిల్ గుజ్జును అనుబంధ ఆహారంలో భాగంగా చక్కెర, తేనె కలుపకుండా ఇవ్వవచ్చు. ఏడాది లోపు శిశువులకు తేనె నిషిద్ధం. అయితే ఈ గుజ్జులో మాంసకృత్తులు, ఇనుము స్వల్పం. శక్తి కూడా తక్కువే. మెత్తని పప్పన్నం, గుడ్డు, ఆకుకూరల స్థానాన్ని ఇది భర్తీ చేయజాలదు. ఖరీదైన పండు గనుక బలవర్ధకమన్న అపోహ గ్రామాలలోను కనిపిస్తున్నది. పరిమిత ఆదాయం గల కుటుంబానికి ఆపిల్ కన్న స్థానికంగా దొరికే జామ, బొప్పాయి విటమిన్ల దృష్ట్యా మేలైనవని విస్తరణ సిబ్బంది చెప్పవలసి ఉన్నది.

ముగింపు

ఆపిల్ గుజ్జు తయారీని శిక్షణాంశంగా తీసుకొనే శాస్త్రవేత్తలు నాలుగు విషయాలను ప్రదర్శన ద్వారా బోధించుట మంచిది. ముక్కలను కుక్కర్‌లో నేరుగా కాక గిన్నెలో ఉడికించవలెను. పీడనాన్ని సహజంగా తగ్గనివ్వవలెను. కుళ్లిన పండును ఏ పరిస్థితిలోను వాడరాదు. నిల్వ విధానాన్ని పండు ఆమ్లత్వాన్ని బట్టి నిర్ణయించవలెను. పి.హెచ్. కాగితాలతో ఆపిల్, టమాట, బొప్పాయి గుజ్జులను పక్కపక్కన పరీక్షించి చూపినచో, ఒక పండుకు సరిపోయిన నిల్వ పద్ధతి మరొక పండుకు ఎందుకు సరిపోదో శిక్షణార్థులకు సులభంగా బోధపడుతుంది.