జన్యువుల జాబితా ఏం చెబుతుంది?

ఒక బడిలో 600 మంది విద్యార్థులు ఉన్నారనుకుందాం. వారిలో 60 మంది పక్క ఊరినుంచి బస్సులో వస్తారు. ఒకనాడు 20 మంది ఆలస్యంగా వచ్చారు. ఆ 20 పేర్లు మాత్రమే చూస్తే కారణం తెలియదు. ఒక్కొక్క పేరు పక్కన ఏ ఊరో రాసి చూడండి. అందులో 9 మంది బస్సు పిల్లలే! బడి మొత్తంలో బస్సు పిల్లలు పదోవంతు. ఆ లెక్కన 20 మందిలో ఇద్దరు ఉండాలి. తొమ్మిదిమంది ఉన్నారంటే ఆనాడు బస్సే ఆలస్యమైందేమో అని అనుమానించవచ్చు.

జీవశాస్త్రజ్ఞులు కూడా ఇలాంటి లెక్కే వేస్తారు. కాకపోతే వారి జాబితాలో ఉండేవి జన్యువుల పేర్లు.

కణంలో ప్రోటీన్లు ఎలా తయారు కావాలో తెలిపే సూచనలు జన్యువుల్లో ఉంటాయి. రొట్టెపిండిని పొంగించే ఈస్ట్‌లో ఇలాంటి జన్యువులు సుమారు 6,000. మనిషిలో సుమారు 20,000. ఈస్ట్‌ను కాస్త వేడిచేస్తే ఏయే జన్యువుల పని పెరిగిందో ఈనాడు ఒకే ప్రయోగంలో తెలుసుకోవచ్చు. కాని చేతికి వచ్చేది పొడవాటి పేర్ల జాబితా. దానికి అర్థం చెప్పాలంటే ప్రతి జన్యువు పక్కన దాని పని ఏమిటో రాసి ఉండాలి. ఆ వివరణనే అనొటేషన్ అంటారు.

ఇక్కడే ఒక చిక్కు వచ్చింది. ఒక ఊళ్ళో ఆనపకాయ అన్నదాన్నే మరో ఊళ్ళో సొరకాయ అంటారు. ఇద్దరి లెక్కలూ కలిపితే ఒకే కాయ రెండు రకాలుగా కనిపిస్తుంది కదా! ఈస్ట్, పండ్ల ఈగ, చిట్టెలుకలపై పరిశోధించేవారు కూడా ఒకే పనిని వేరువేరు మాటల్లో రాసుకునేవారు. 1998లో ఈ మూడు వర్గాలవారూ కలిసి ఉమ్మడి పదజాలం తయారు చేయడానికి పూనుకున్నారు. దాని పేరు జీన్ ఆంటాలజీ. అది మూడు ప్రశ్నలకు జవాబిస్తుంది. ఈ జన్యువు తయారుచేసే ప్రోటీను ఏ పని చేస్తుంది? కణం జరిపే ఏ పెద్ద కార్యంలో పాల్గొంటుంది? కణంలో ఎక్కడ ఉంటుంది? ఆ సంగతి ప్రయోగంవల్ల తెలిసిందా, పోలికనుబట్టి ఊహించిందా అన్నదీ పక్కనే రాస్తారు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈస్ట్‌లోని 6,000 జన్యువుల్లో 120 జన్యువుల పక్కన "ప్రోటీన్లను సరిగా మడవటం" అని రాసి ఉందనుకోండి. వేడిచేసినప్పుడు పని పెరిగిన జన్యువులు 100. యాదృచ్ఛికంగా అయితే వాటిలో ఆ రకానివి రెండు ఉండాలి. పదిహేను కనిపించాయనుకోండి. అప్పుడు అర్థమేమిటి? వేడికి ప్రోటీన్ల మడతలు చెడిపోతాయి. వాటిని సరిచేయడానికి కణం తొందరపడుతున్నదన్నమాట.

అయితే తొందరపడి మనం మోసపోకూడదు. ఒక నాణేన్ని పదిసార్లు ఎగరేస్తే పదిసార్లూ బొమ్మే పడే అవకాశం 1,024లో ఒకటి. కాని వెయ్యిమంది ఎగరేస్తే ఎవరో ఒకరికి అలా పడటం వింత కాదు. జీన్ ఆంటాలజీలో వేలకొద్దీ పదాలున్నాయి. అన్నిటినీ పరీక్షిస్తే కొన్ని ఊరికే "ఎక్కువగా" కనిపిస్తాయి. అందుకే ఎన్ని పరీక్షలు చేశామో లెక్కలోకి తీసుకుని ఫలితాన్ని సవరించాలి.

మరో ప్రమాదం ఉంది. కాలేయం ముక్కను పరీక్షించి, వచ్చిన జాబితాను మనిషి జన్యువులన్నిటితోనూ పోల్చారనుకోండి. "కాలేయం చేసే పనులు" అన్న పదాలే పైకి వస్తాయి. అది రోగం సంగతి కాదు, కాలేయం సంగతి! కాలేయంలో పనిచేసే జన్యువులతోనే పోల్చాలి. ఇక్కడ పొరబడితే పరిశోధకులు లేని దారిలో ఏళ్ళ తరబడి వెదుకుతారు. రోగులకు మేలు జరగడం అంతకంతకూ ఆలస్యమవుతుంది.

ఇన్ని లెక్కలు చేతితో వేయడం కష్టం. సాఫ్ట్‌వేర్ క్షణాల్లో వేస్తుంది. మరి అది దేనితో పోల్చిందో, ఎలా సవరించిందో మనకెలా తెలుస్తుంది? జవాబు మాత్రమే చూపి లెక్క చూపని విద్యార్థికి మీ మాస్టారు మార్కులు వేస్తారా? అందుకే ఈ రంగంలో చాలామంది ఓపెన్ సోర్స్ పద్ధతిని ఎంచుకున్నారు. అంటే సాఫ్ట్‌వేర్‌లోని ప్రతి పంక్తినీ ఎవరైనా చదవవచ్చు, తప్పుంటే చూపవచ్చు, దిద్దవచ్చు. 2001లో మొదలైన బయోకండక్టర్ అలాంటి సాఫ్ట్‌వేర్ల భాండాగారం. క్లస్టర్ ప్రొఫైలర్ అందులోనిదే. పైథాన్ భాషలో రాసిన గోటూల్స్ మరొకటి. వీటికి డబ్బు కట్టనక్కరలేదు.

ఎంత మంచి సాఫ్ట్‌వేర్ అయినా ఇచ్చేది అనుమానమే, రుజువు కాదు. బస్సు నిజంగా ఆలస్యమైందో లేదో వెళ్ళి అడగాలి. జన్యువుల విషయంలో మళ్ళీ ప్రయోగం చేయాలి.

ఈ లెక్కను మీరూ పరీక్షించవచ్చు. 600 చింతపిక్కలు పోగుచేసి 60 పిక్కల మీద సిరాచుక్క పెట్టండి. అన్నీ సంచిలో వేసి బాగా కలిపి, చూడకుండా 20 తీయండి. చుక్కవి ఎన్ని వచ్చాయో రాసుకుని, మళ్ళీ సంచిలో వేసి కలపండి. ఇలా 50 సార్లు చేయండి. ఎక్కువసార్లు వచ్చిన అంకె ఏది? ఒక్కసారైనా 9 వచ్చిందా?