లైను కలవగానే పని మొదలవ్వాలి

ఎగువ సీలేరు జలవిద్యుత్ కేంద్రం సామర్థ్యం 240 మెగావాట్లు. అక్కడి కరెంటు ఘాట్లు దిగి మైదానాలకు వెళ్తోంది. అదే కొండల్లో, సిగ్నల్ అందే మిట్ట కోసం ఫోను పట్టుకుని తిరగాల్సిన గూడేలు మాత్రం ఇంకా ఉన్నాయి. నెట్ అలా వచ్చిపోయే చోట, వచ్చినప్పుడు ఏం చెయ్యాలో ముందే రాసిపెట్టి ఆ పని యంత్రానికి అప్పగించాలి. మనిషి కాపలా కాయకూడదు. ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. టెలిఫోన్ లైను మీద నెట్ వాడిన డయలప్ రోజుల్లోనే దీనికి పక్కా పద్ధతి ఉండేది.

1995 ఆగస్టు 15న ప్రభుత్వ టెలికాం సంస్థ వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో ప్రజలకు ఇంటర్నెట్ ఇచ్చినప్పుడు దారి టెలిఫోన్ లైనే. తర్వాత వచ్చిన 56 కిలోబిట్ల మోడెం పూర్తి వేగంతో పనిచేసినా ఒక మెగాబైట్ దిగడానికి రెండున్నర నిమిషాలు పట్టేది. లైన్లో ఉన్నంతసేపూ బిల్లు పెరిగేది. అందుకే ఉత్తరాలన్నీ ముందే రాసి వరుసలో పెట్టుకునేవారు. లినక్స్ కంప్యూటర్లలో ఈ లైను సంగతి చూసే ప్రోగ్రాం పీపీపీడీ. మోడెం కూత పెట్టి అవతలివైపు పలికినంత మాత్రాన అది తొందరపడదు. పాస్‌వర్డ్ ఒప్పుకుని, రెండువైపులా ఐపీ చిరునామాలు ఖరారయ్యాకే ‘ఐపీ-అప్’ అనే స్క్రిప్టును నడుపుతుంది. ఏ పోర్టు, ఎంత వేగం, మన చిరునామా ఏది, అవతలిది ఏది అన్నీ దానికి అందిస్తుంది. ఆగి ఉన్న మెయిల్ పంపు, కొత్తది తెచ్చుకో, గడియారం సరిచెయ్యి అని అందులో నాలుగు లైన్లు రాసుకుంటే చాలు. లైను తెగితే ‘ఐపీ-డౌన్’ నడుస్తుంది.

లైను పదిసార్లు తెగి పదిసార్లు కలిస్తే అదే పని పదిసార్లు జరగదా అని అడగొచ్చు. జరుగుతుంది, రాసినవాడు జాగ్రత్తపడకపోతే. ఒకటి నడుస్తుండగా రెండోది మొదలవకుండా తాళం ఫైలు పెట్టాలి. అవతల అందినట్టు జవాబు వచ్చాకే వరుసలోంచి తీసెయ్యాలి. భద్రత మాట ఇంకా గట్టిది. ఆ స్క్రిప్టు రూట్ అధికారంతో, అంటే కంప్యూటర్ మీద పూర్తి అధికారంతో నడుస్తుంది కాబట్టి దాన్ని మార్చే హక్కు ఇంకెవరికీ ఉండకూడదు. పైగా దాని సందేశాలు తెరమీదికి రావు, లాగ్‌లో రాయించుకోకపోతే తప్పు జరిగినా తెలియదు.

డయలప్పే పోయింది కదా అనేవారున్నారు. నిజమే, అమెరికాలో ఇంటర్నెట్ సంస్థ ఏఓఎల్ కూడా 2025 సెప్టెంబర్ 30తో ఆ సేవ ఆపేసింది. టవర్లూ వస్తున్నాయి. ఆంధ్రప్రదేశ్ సహా 5 రాష్ట్రాల్లో 7,287 గ్రామాలకు 4జీ కోసం 2021 నవంబర్‌లో కేంద్రం 6,466 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. రావాల్సిందే. కానీ టవర్‌కూ కరెంటు కావాలి, దాన్ని నెట్‌కు కలిపే వెనక లింకు కావాలి, గాలివానకు రెండూ పోతాయి. అందుకే దాచి తర్వాత పంపే ఆ పాత పద్ధతి అవసరం తీరలేదు. ఉపాధి హామీ పనుల్లో 2023 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసిన హాజరు యాప్‌లో, సిగ్నల్ లేనిచోట తీసిన ఫొటోను దాచి తర్వాత పంపే వీలు పెట్టారు. ఆరోగ్య, అంగన్‌వాడీ లెక్కలకూ ఇదే నియమం కావాలి. రేషన్ వేలిముద్ర దగ్గర మాత్రం ఈ పద్ధతి ఆగిపోతుంది. ఆధార్‌తో సరిపోల్చడం అప్పటికప్పుడు లైన్లో జరగాల్సిన పని, వరుసలో పెట్టి తర్వాత పంపేది కాదు. అక్కడ దారి చూపాల్సింది స్క్రిప్టు కాదు, నిబంధన. లైను లేని రోజు సంతకం తీసుకుని బియ్యం ఇవ్వాలి, లెక్క తర్వాత ఎక్కించుకోవాలి.