పన్నెండు నిమిషాలకో ఇల్లు!

ముగ్గు పోసిన రోజు నుంచి గృహప్రవేశం దాకా ఎన్ని తిప్పలో! ఇసుక దొరకదు. దొరికిన రోజు మేస్త్రి రాడు. మేస్త్రి వచ్చిన రోజు వాన. ఒకవైపు ఉంటున్న ఇంటికి అద్దె, మరోవైపు కడుతున్న ఇంటికి బ్యాంకు వాయిదా. ఇల్లు కట్టి చూడమని పెద్దలు ఊరికే అన్నారా!

అదే ఇల్లు కారులాగా ఫ్యాక్టరీలో తయారై, లారీ ఎక్కి వచ్చి మన స్థలంలో దిగిపోతే? వినడానికి బాగానే ఉంది కానీ... అని నవ్వేయకండి. ఎనభై ఏళ్ల కిందటే బ్రిటన్‌లో లక్షన్నరకు పైగా కుటుంబాలు అలాంటి ఇళ్లలో పాలు పొంగించినంత సంబరపడ్డాయి.

విమానాల షెడ్డులో వంటిల్లు

రెండో ప్రపంచ యుద్ధంలో బాంబుల దెబ్బకి బ్రిటన్‌లో లక్షల ఇళ్లు కూలిపోవడమో, ఉండటానికి పనికిరాకుండా పోవడమో జరిగింది. సైనికులు తిరిగొస్తున్నారు. భార్యాబిడ్డలున్నారు, ఇళ్లే లేవు. ఇటుకలకు కొరత, తాపీ పనివాళ్లకు అంతకన్నా కొరత. ఉన్నవల్లా యుద్ధం అయ్యాక ఏం చెయ్యాలో తోచని విమానాల ఫ్యాక్టరీలు! దాంతో 1944లో ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టం తెచ్చి తాత్కాలిక ఇళ్లకు సిద్ధమైంది. 1949 నాటికి 1,56,623 ఇళ్లు లేచాయి. వాటిలో 54,500 అల్యూమినియం ఇళ్లు.

ఆ అల్యూమినియం ఇంటి తయారీ చూడముచ్చటైన వ్యవహారం. ఇంటిని నాలుగు ముక్కలుగా చేసేవారు. గోడలకు రంగు, లోపల వైరింగు, కుళాయిలు, అల్మరాలు... అన్నీ ఫ్యాక్టరీలోనే అమరిపోయేవి. నాలుగు లారీల్లో నాలుగు ముక్కలూ తెచ్చి, ముందే పోసి ఉంచిన పునాది మీద దించి బోల్టులు బిగిస్తే ఇల్లు రెడీ. పని జోరుగా సాగిన రోజుల్లో పన్నెండు నిమిషాలకో ఇల్లు ఫ్యాక్టరీ గేటు దాటేదట!

అలాగని అవి రేకుల షెడ్లు కావు. సుమారు 635 చదరపు అడుగుల్లో రెండు పడగ్గదులు, హాలు, వేడినీళ్లొచ్చే స్నానాలగది, ఇంట్లోనే మరుగుదొడ్డి. వంటింట్లో ఫ్రిజ్ కూడా! అప్పటికి అక్కడి కలిగినవాళ్లలోనూ చాలామందికి లేని వస్తువది. పెరట్లోని మరుగుదొడ్డికి చలిలో పరుగెత్తిన ఇల్లాళ్లకు అదెంత భోగమో మనం ఊహించుకోవచ్చు.

పదేళ్లు నిలిస్తే చాలనుకుని కట్టిన ఇళ్లవి. లండన్‌లోని క్యాట్‌ఫోర్డ్‌లో ఎక్స్‌కాలిబర్ ఎస్టేట్ అనే కాలనీ ఉండేది. జర్మన్, ఇటాలియన్ యుద్ధఖైదీల చేత కట్టించిన 180కి పైగా చెక్క చట్రాల ఇళ్లు. అరవై ఏళ్లు దాటాక వాటిని పడగొట్టి కొత్తవి కడతామంటే చాలామంది ఒప్పుకోలేదు. 2009లో ఆరు ఇళ్లను వారసత్వ కట్టడాలుగా గుర్తించారు. 2010లో ఓటింగ్ పెడితే కూల్చివేతకు సగాన్ని కాస్త మించి ఓట్లు పడ్డాయి. ఓడినవాళ్లకు పోయింది 'తాత్కాలిక' ఇల్లు కాదు, బతుకంతా గడిపిన ఇల్లు.

ఇప్పుడెలా చేస్తున్నారు?

ఇప్పటి పద్ధతుల్లో ప్రధానంగా రెండు రకాలు. గోడలు, స్లాబులు, దూలాలు విడివిడిగా తయారుచేసి తెచ్చి అతకడం ఒకటి. గదికి గదినే పెట్టెలాగా చేసి, టైల్సూ బాత్రూం ఫిట్టింగులతో సహా తెచ్చి పక్కపక్కనా, ఒకదానిపై ఒకటీ పేర్చడం రెండోది. మాడ్యులర్ అంటే అసలు ఇదే. సింగపూర్ 2014 నుంచి కొన్ని ప్రభుత్వ స్థలాల్లో ఈ రెండో పద్ధతిని తప్పనిసరి చేసింది. నలభై అంతస్తుల జంట టవర్లనే అక్కడ ఇలా పేర్చేశారు.

మనకు దగ్గర్లో చూడాలంటే చెన్నై పెరుంబాక్కంలో 1,152 ఫ్లాట్లున్నాయి. కేంద్రం ఆరు నగరాల్లో చేపట్టిన లైట్‌హౌస్ ప్రాజెక్టుల్లో అదొకటి. మొదటి పద్ధతిలో కట్టారు. 2021 జనవరి 1న శంకుస్థాపన జరిగితే 2022 మే 26న ప్రారంభించారు. మధ్యలో కొవిడ్ రెండో విడత వచ్చిపోయిన సంగతి మరిచిపోకూడదు!

సమయం ఎక్కడ ఆదా అవుతుందంటే... ఇక్కడ పునాది తవ్వుతుండగానే అక్కడ గోడలు తయారవుతుంటాయి. వాన పడినా ఫ్యాక్టరీలో పని ఆగదు. కొలత ప్రకారం కోస్తారు కాబట్టి వృథా తక్కువ, ఇంటిముందు కంకర కుప్పలతో ఇరుగుపొరుగుకు ఇబ్బందీ తక్కువే. బోల్టులతో బిగించిన చిన్న ఇళ్లయితే విప్పి మరోచోటికి పట్టుకుపోవచ్చు కూడా.

మరి చవకా? ఇక్కడే చాలామంది పొరబడతారు. బ్రిటన్ అల్యూమినియం ఇల్లు ఇటుక ఇంటికన్నా ఖరీదే పడింది. ఒకే నమూనాలో వందల ఇళ్లు కడితే లెక్క వేరు, ఒక్క ఇల్లు కావాలంటే వేరు. నన్నడిగితే ఈ ఇళ్ల అసలు ఆకర్షణ ధర కాదు, తేదీ! ఫలానా నెలలో దిగొచ్చని ముందే తెలిస్తే, మిగిలిన అద్దె కూడా మిగులు కిందే లెక్క.

అడగాల్సినవి అడగండి

అతుకుల సంగతి ముందు అడగాలి. 1968 మేలో లండన్‌లోని రోనాన్ పాయింట్ అనే 22 అంతస్తుల భవనంలో గ్యాస్ పేలితే ఒక మూలంతా పేకమేడలా జారిపోయి నలుగురు చనిపోయారు. ఫ్యాక్టరీలో పోసిన కాంక్రీటు పలకలను కలిపే అతుకులు బలహీనంగా ఉండటమే అంత నష్టానికి కారణం. కాబట్టి కంపెనీవాళ్లు చూపించే రంగుల బొమ్మలు పక్కనపెట్టి, అతుకుల డిజైన్‌ను స్ట్రక్చరల్ ఇంజినీరుకు చూపించండి.

రెండోది ఎండ. రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఊళ్లు మనవి. పలుచని రేకుల మధ్య ఏం నింపారు, ఎంత మందాన నింపారు అన్నది తేల్చుకోకపోతే ఏసీ బిల్లు చూసి గుండె జారుతుంది. రేపు గోడ కొట్టేసి హాలు పెంచుకుందామనుకుంటే అన్నిచోట్లా కుదరదు. బ్యాంకు లోనిస్తుందో లేదో కూడా అడ్వాన్సు ఇవ్వకముందే కనుక్కోవాలి.

ఇంకో చిక్కుంది. శంకుస్థాపన సరే... ద్వారబంధం గోడకు బిగుసుకునే వస్తుంటే, ఆ ముహూర్తం ఎక్కడ పెట్టించాలి? ఫ్యాక్టరీలోనా, క్రేను కిందా? పురోహితుడి సంగతేమో గానీ, అత్తగారిని మాత్రం ముందే ఒప్పించుకోవాలి.

అన్నీ కుదిరాయనుకుంటే ఆర్డరివ్వడానికి ముందు ఒక టేపు తీసుకుని మీ వీధి చివరికి వెళ్లండి. మలుపు దగ్గర రోడ్డు వెడల్పు, అడ్డంగా వేలాడే కరెంటు తీగల ఎత్తు కొలిచి రాసుకోండి. ఇల్లు ఎంత బాగున్నా, దాన్ని మోసుకొచ్చే లారీ తిరగాల్సింది ఆ మలుపులోనే!