కాలిబంతి క్రీడలో మన తెలుగు కన్య

గండికోటను చూచిన సోదరీమణులు, కోట క్రింద ఎఱ్ఱని కొండను పెన్నానది కోసికొనిపోయిన లోయను మఱవజాలరు. ఆ నీరు ఒక్కనాటిలో రాతిని కోయలేదు; నిత్యము పాఱుటచేతనే దారి యేర్పడినది. ఆటలలో పేరుపొందిన బాలికల చరిత్రము నిట్టిదే. చూచువారికి గోలు పడిన క్షణము మాత్రమే కనబడును. దాని వెనుకనున్న యేండ్ల సాధనయు, ఇంటివారి యోర్పును కానరావు. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, పులివెందుల ప్రాంతముల తల్లులు తమ కుమార్తెలను గూర్చి యాలోచించుకొనుటకు పనికివచ్చునని, తెలంగాణమునందలి నిజామాబాదు జిల్లా బిడ్డయైన కుమారి గుగులోతు సౌమ్య వృత్తాంతమును ఇక్కడ వ్రాయుచున్నాము.

ముందుగా ఆటను గూర్చి రెండు మాటలు. ఫుట్‌బాలు ఆటలో పక్షమునకు పదునొకండ్రు. ఆట తొంబది నిమిషములు. సౌమ్య ముందువరుసలో నాడును. అనగా గోలు కొట్టుటయు, కొట్టువారికి బంతి నందించుటయు ఆమె పని. ఇందులకు వట్టి పరుగు చాలదు. తనవారు బంతిని తన్నుటకు ముందే ఎదిరిపక్షపు కావలివారిని దాటి నిలిచినచో తప్పగును; ఒక్క క్షణ మాలసించినచో బంతి పరులపాలగును. ఖోఖో ఆటలో ‘ఖో’ యను మాట వినబడకమునుపే లేచుట యెట్లు తప్పో, విన్న పిమ్మట జాగుచేయుట యెట్లు నష్టమో, ఇదియు నట్లే. కన్ను, కాలు, బుద్ధి యొక్కసారిగా పనిచేయవలెను.

ఈ యాట స్త్రీలకు తగదని పెద్ద దేశములే చాలకాలము వాదించినవి. ఇంగ్లండులో 1920 డిసెంబరు 26న స్త్రీల పోటీని చూచుటకు 53 వేల మంది వచ్చిరి. మఱుసటి యేడే అచ్చటి సంఘమువారు, ఇది స్త్రీలకు సరిపడదని చెప్పి తమ మైదానములను వారికి మూసివైచిరి. ఆ నిషేధము 1971 వఱకు తొలగలేదు. లోపము స్త్రీల శక్తిలో లేదనుటకు ఇంతకంటె సాక్ష్యమేల? అవకాశ మిచ్చిన చోట నేమి జరిగినదో చూడుడు: అరకోటి జనము మాత్రమే గల ఫిన్లండు దేశపు స్త్రీలు 2005లో ఐరోపా పోటీల సెమీఫైనలు వఱకు వచ్చిరి. మన దేశమున స్త్రీల జాతీయ లీగు 2016-17లో మొదలైనది. 2020లో మణిపురపు బాలాదేవి స్కాట్లండులోని రేంజర్సు జట్టుతో వృత్తి యొడంబడిక చేసికొని, ఐరోపాకు దారి చూపినది.

ఆ దారినే సౌమ్యయు నడచినది. 2001లో జన్మించిన యీమె, చిన్న వయసుల జట్లలో దేశమునకు ఆడి, పిమ్మట పెద్ద జట్టులో చేరినది. కేరళమునందలి గోకులం జట్టున నుండగా, 2022లో క్రొయేషియా దేశపు డైనమో జాగ్రెబ్ జట్టు ఈమెను, మధ్యప్రదేశపు జ్యోతి చౌహానును చేర్చుకొన్నది. అప్పటికి సౌమ్యకు ఇరువదియొక్క యేండ్లు. భాష వేఱు, తిండి వేఱు, చలి వేఱు. అట్టిచోట పని నేర్చుట సామాన్యము కాదు.

స్వదేశమునకు వచ్చిన పిమ్మట కలకత్తాలోని ఈస్టు బెంగాలు జట్టున చేరినది. 2025 ఏప్రిలు 11న బెంగాలులోని కల్యాణి పట్టణమున, ముందటి యేటి విజేతలైన ఒడిశా జట్టును ఈస్టు బెంగాలు 1-0గా ఓడించెను. ఆ యొక్క గోలు సౌమ్యదే. దానితో జాతీయ లీగు విజయము ఆ జట్టునకు మొదటిసారి దక్కినది. ఆ యేడే అఖిల భారత సమాఖ్యవారు సౌమ్యను ఉత్తమ క్రీడాకారిణిగా నెన్నిరి. జూన్ 23న థాయిలాండులో మన దేశము మంగోలియాను 13-0గా గెలిచినప్పుడు, వానిలో రెండు గోళ్లు ఈమెవి. జూలై 5న సంగీతా బాస్ఫోరు కొట్టిన రెండు గోళ్లతో మనవారు థాయి జట్టును 2-1గా గెలిచి, 2026 ఆసియా కప్పునకు అర్హత పొందిరి. అర్హతపోటీల ద్వారా మన స్త్రీలు ఆ పోటీలకు చేరుట అదియే ప్రథమము.

ఇక మన యింటి మాట. పల్లెబడిలో పిల్ల పరుగెత్తుచుండగా నవ్వుచు చూచిన పెద్దలే, ఆమె యీడేరిన మఱునాడు ‘ఇక చాలు’ నందురు. ఆట బలపడవలసిన వయ సదియే. ఆ నాలుగైదేండ్లు పోయినచో, తరువాత నెంత గొప్ప గురువు దొరకినను తిరిగిరావు. మైలదినములు వచ్చుట జబ్బు కాదు. తగిన గుడ్డయు, బడిలో శుభ్రమైన మరుగుదొడ్డియు నున్న, పిల్ల ఆట మానవలసిన పనిలేదు. జొన్నసంగటి, పప్పు, పాలు, వేరుసెనగలు, ఆకుకూరలు మన సీమలో లేనివి కావు. కొడుకునకు పెట్టినట్లే కూతునకును పెట్టవలెను.

అపాయములును దాచరాదు. ఈ యాటలో మోకాటి లోపలి కట్టు తెగుట పురుషులకంటె స్త్రీలలో నెక్కువ. ఆటకుముందు క్రమముగా చేయించు వ్యాయామమువలన అది తగ్గునని వైద్యులు తేల్చిరి. కావున పిల్లను పంపు తల్లి, ‘గురువుగారూ, ముందుగా వ్యాయామము చేయించుచున్నారా?’ యని యడుగుట మేలు. జీవనమును నిశ్చితము కాదు. జాతీయ లీగు జట్లు కనీసము పదిమంది స్వదేశ క్రీడాకారిణులకు ఏటికి 3.2 లక్షల రూపాయలకు తగ్గక ఇయ్యవలెనని సమాఖ్య 2023లోగాని నిర్ణయింపలేదు. కాబట్టి చదువును ఆటను జంటగా సాగనిండు. ఒకదానికై రెండవదానిని బలియియ్యకుడు.

ప్రతి బాలికయు సౌమ్య కాజాలదు, కానక్కఱయు లేదు. ఆడి పెరిగిన పిల్లకు దేహబలమును, ఓటమిని సహించు గుండెయు, పదిమందితో కలిసి పనిచేయు నేర్పును అబ్బును. ఇవి యే యింటనైనను పనికివచ్చు సొమ్ములు. సోదరీమణులారా, రేపు సాయంకాలము మీ పిల్ల బడి విడిచినపిదప అరగంట ఆడి వచ్చెద నన్నచో, అంట్లు తోముటకు వేళయైనదని చెప్పకుడు. ఆ పని అన్నదమ్ములును చేయవచ్చును.