పాత ఎక్స్‌రే ఫిల్మును పారవేయకండి

ఎక్స్‌రే అనగానే మనకు విరిగిన చెయ్యో, టి.బి. పరీక్షో గుర్తుకు వస్తుంది. జబ్బు నయం కాగానే ఆ ఫిల్మును అటక మీద పడేస్తాం. కాని అలాంటి ఫిల్ములే, ఎవరివో తెలియని మృతదేహాలను గుర్తుపట్టడానికి సాయపడ్డాయి.

1950-53 కొరియా యుద్ధంలో చనిపోయిన అమెరికా సైనికుల్లో 800 మందికి పైగా ఎవరెవరో తెలియలేదు. వారిని హవాయి దీవుల్లో పేరు లేకుండానే సమాధి చేశారు. మృతదేహాలకు వాడిన రసాయనాల వల్ల ఎముకల నుండి డి.ఎన్.ఎ. తీయడం చాలా ఏళ్లు కష్టమైంది. కొడుకు సమాధి ఎక్కడుందో తెలియకుండానే ఎందరో తల్లిదండ్రులు కన్నుమూశారు.

అయితే సైన్యంలో చేరేటప్పుడు టి.బి. ఉందేమోనని ఆ యువకులకు ఛాతీ ఎక్స్‌రే తీశారు. ఊపిరితిత్తుల కోసం తీసిన ఆ ఫిల్ములో కాలర్ ఎముకలు, మెడ దగ్గరి వెన్నుపూసలు కూడా పడ్డాయి. వీటి వంపు, అంచులు మనిషి మనిషికీ తేడాగా ఉంటాయి.

సమాధి నుండి తీసిన ఎముకను, పాత ఫిల్ములో ఉన్న కోణంలోనే ఉంచి కొత్తగా ఎక్స్‌రే తీస్తారు. పాత ఫిల్మును స్కాన్ చేసి, కంప్యూటర్‌లో పెద్దది చేసి, నలుపు తెలుపుల తేడా బాగా కనిపించేలా సరిచేస్తారు. తర్వాత రెండింటినీ పక్కపక్కన పెట్టి పోలుస్తారు. కంప్యూటర్ ఉన్నదాన్ని స్పష్టంగా చూపాలే గాని, లేనిదాన్ని చేర్చకూడదు. పళ్లు, ఎత్తు వంటి ఇతర ఆధారాలు కూడా సరిపోయాకే పేరు ప్రకటిస్తారు.

తల ఎక్స్‌రే కూడా ఇలాగే ఉపయోగపడుతుంది. కనుబొమల పైన నుదుటి ఎముకలో గాలి నిండిన సైనస్ గదులుంటాయి. వాటి అంచులు కవలలకు కూడా ఒకేలా ఉండవు. 1949లో కెనడాలోని టొరంటో రేవులో నోరోనిక్ అనే ఓడ తగలబడి వందమందికి పైగా మరణించినప్పుడు, కాలిపోయిన దేహాలను గుర్తించడానికి పాత ఎక్స్‌రేలు సాయపడ్డాయి.

కాబట్టి మీ ఫిల్ములను జాగ్రత్తగా దాచండి. కవరు మీద పేరు, వయస్సు, తేదీ రాయండి. మడత పెట్టకండి. ఎండ, తేమ తగలనివ్వకండి. సి.డి. ఇస్తే దాన్నీ, పళ్ల ఎక్స్‌రేలనూ, ఎముకకు ప్లేటు వేసిన ఆపరేషన్ కాగితాలనూ కలిపి ఉంచండి. రేపు డాక్టరుగారు పాతదానితో కొత్తది పోల్చి చూసేటప్పుడు అవి ముందుగా ఉపయోగపడేది మీకే. ఇంట్లో ఎవరైనా తప్పిపోతే, పోలీసువారికి ఫోటోతో పాటు ఈ ఎక్స్‌రేల సంగతి కూడా తప్పక చెప్పండి.