ఏ గుండు మంచిది తాతా?

ఎండాకాలం కర్నూల్లో రాత్రి పదైనా మిద్దె మీద బండలు కాలుతూనే ఉంటాయి. మొన్న అట్లా చాపలేసుకుని పడుకుని ఉంటే, ఫోన్లో తుపాకుల ఆట ఆడుతున్న మనవడు ఉన్నట్టుండి "తాతా, అన్నిటికన్నా మంచి బుల్లెట్ ఏది?" అన్నాడు. "ఏ చీపురు మంచిదో మీ జేజిని అడుగు, చెప్తుంది" అన్నాను. జేజి కళ్లు తెరవకుండానే "వాకిటికా, ఇంట్లోకా?" అంది. జవాబు వచ్చేసింది! గుండు ఎంత దూరం పోవాలి, పోయినాక ఏం చేయాలి, ఈ రెండూ తెలియందే మంచిదేదో ఎట్లా చెప్పేది?

చిన్నప్పుడు నేను జొన్నచేలో మంచె ఎక్కి వడిసెలతో పిట్టల్ని తోలేవాణ్ణి. ఏరి ఏరి గుండ్రటి రాయే పెట్టినా ఒక్కోసారి అది దారిలో వంకర తిరిగేది. పాత తుపాకులదీ ఇదే రోగం. గొట్టం లోపల నునుపు, గుండేమో సీసపు గోళీ. గొట్టం గోడలకు రాసుకుంటూ వచ్చి, ఏదో ఒక పక్కకు గిరగిరా తిరుగుతూ బయటపడేది. ఆ తిరుగుడుకు గాలి దాన్ని పక్కకు నెట్టేసేది. ఈ గుట్టు పట్టుకున్నది బెంజమిన్ రాబిన్స్ అనే ఇంగ్లీషాయన. వేలాడదీసిన చెక్కదిమ్మెలోకి గుండు పేల్చి, దిమ్మె ఎంత ఊగిందో చూసి గుండు వేగం లెక్కగట్టాడు. ఆ సంగతులన్నీ 1742లో పుస్తకంగా అచ్చేశాడు. గాలి గుండును అంత గట్టిగా అడ్డుకుంటుందని అప్పటిదాకా ఎవరూ అనుకోలేదు. తర్వాత ఆయన ఈస్టిండియా కంపెనీ కోటలు కట్టే పని మీద మన వైపే వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెయింట్ డేవిడ్ కోటలో చనిపోయాడు. మద్రాసుకు దక్షిణాన ఉంది ఆ కోట. బళ్లో ఆయన పేరు మాకెవరూ చెప్పలేదు.

కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసింది 1847లో. అప్పటికి కూడా మామూలు సిపాయి చేతిలో ఉన్నది నునుపు గొట్టమే. వంద గజాలు దాటితే గురికి పూచీ లేదు. ఆ తర్వాత రెండేళ్లకే ఫ్రాన్సులో మినియే అనే సైనికాధికారి మొన తేలిన గుండు తెచ్చాడు. దాని అడుగు బోలుగా ఉంటుంది. మందు అంటుకోగానే అది ఉబ్బి, గొట్టంలోని మరచుట్ల గాడుల్ని పట్టుకుంటుంది. ఆ గాడులు దాన్ని బొంగరంలా తిప్పి వదులుతాయి.

బొంగరం తిరిగినంతసేపూ మేకు మీద నిటారుగా నిలబడి, తిరుగుడు తగ్గగానే తూలుతుంది కదా? పొడుగు గుండూ అంతే. తిప్పకుండా వదిలితే గాల్లో పిల్లిమొగ్గలేస్తుంది. పది అంగుళాలకు ఒక చుట్టు తిప్పే గాడులున్న రైఫిల్లో, సెకనుకు ఎనిమిది వందల మీటర్ల వేగంతో పోయే గుండు అదే సెకనులో మూడు వేల చుట్లకు పైగా తిరుగుతుంది. గోళీకీ వంకర పోవడానికి తిరుగుడే కారణం, మొనగుండు తిన్నగా పోవడానికీ తిరుగుడే కారణం. ఏ ఇరుసు మీద తిరుగుతుందన్నదే తేడా.

దూరం కొట్టే గుండుకు ముక్కు సూదిగా ఉంటే చాలదు, తోక కూడా సన్నబడాలి. కడప రోడ్డు మీద లారీ వేగంగా పోతే వెనకాల కాగితాలు దాన్ని తరుముకుంటూ పోతాయి చూశావా? లారీ వెనక గాలి పలచబడుతుంది. ఆ పలచదనమే లారీని వెనక్కి గుంజుతుంది. తోక సన్నబడితే ఆ గుంజుడు తగ్గుతుంది. ఇంక బరువు సంగతి. దూదిని విసిరితే ఎంత దూరం పోతుంది, చింతగింజ ఎంత దూరం పోతుంది? మంగంపేట ముగ్గురాయి మనకు తెలిసిన బరువైన రాయి, నీటికి నాలుగున్నర రెట్లు. సీసం పదకొండు రెట్ల పైనే. కాకపోతే మెత్తన. ఎక్కువ వేగంలో గొట్టానికి పులుముకుంటుంది. అందుకే పైన రాగి తొడుగు.

ఎంత మంచి గుండైనా గొట్టం దాటిన క్షణం నుంచి కింద పడుతూనే ఉంటుంది. అయిదు వందల మీటర్లు పోవడానికి ముక్కాలు సెకను పడితే, ఆ లోపల రెండున్నర మీటర్ల పైనే జారుతుంది. అందుకే గొట్టం కొంచెం పైకెత్తి కొడతారు. మన ఎండకో ఇంకో తమాషా ఉంది. 42 డిగ్రీల గాలి, 15 డిగ్రీల గాలికన్నా పదో వంతు దాకా పలచన. అడ్డం తగ్గి గుండు కాస్త ఎత్తుకు తగులుతుంది. పైగా ఎండమావి! చెట్టునూ గురినీ ఊగిస్తుంది. తెలిసినవాళ్లు మాత్రం ఆ ఊగుడు ఎటు వాలిందో చూసి గాలి ఎటు వీస్తుందో చెప్పేస్తారు.

ఇప్పుడు రెండో ప్రశ్న, పోయి ఏం చేయాలి? బెంగుళూరు కెన్నెత్ ఆండర్సన్ మామండూరు దగ్గర మనుషుల్ని తిన్న పులి కథ రాశాడు. మామండూరంటే రేణిగుంట నుంచి కడపకొచ్చే రైలుదారిలోదే. ఆయన చేతిది 405 వించెస్టర్. ఆ రైఫిల్ గుండు తులమున్నర దాటుతుంది, మొద్దు ముక్కు, దూరానికి పనికిరాదు. అయితే అడవిలో పులి కనబడేదే యాభై గజాల్లో కదా! దాని శక్తితో యాభై కిలోల శెనక్కాయల మూటను తొమ్మిది మీటర్లు లేపొచ్చు. చిన్న పాయింట్ 22 గుండు అదే మూటను అడుగెత్తు లేపితే గొప్ప. ముక్కు దగ్గర తొడుగు లేని మెత్త గుండు తగలగానే పుట్టగొడుగులా విచ్చుకుని శక్తంతా లోపలే వదిలేస్తుంది, జంతువు గాయంతో పారిపోకుండా పడుతుంది. ఏనుగుకైతే విచ్చుకోని గట్టి గుండు కావాలి, ఎముక దాటాలి గనక.

విచ్చుకునే గుండ్లకు పేరు తెచ్చింది కలకత్తా పక్కనున్న డమ్ డమ్ ఆయుధశాల. 1899లో హేగ్ ఒప్పందం వాటిని యుద్ధంలో నిషేధించింది. పులికి దయ అనుకున్నది మనిషికి క్రూరమైంది. నాకు ఈ లెక్క ఇప్పటికీ సరిగ్గా మింగుడు పడదు.

"మరి కాగితం కొట్టడానికి?" అన్నాడు మనవడు. హైదరాబాదు గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కంచు పతకం కొట్టింది పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. ఆ పెల్లెట్ నడుము సన్నం, అచ్చం ఢమరుకం. ముక్కు మొన తేలదు, చదును. కాగితానికి గుండ్రటి చిల్లు తెగినట్టు పడాలి, మార్కులు లెక్కపెట్టాలి కదా.

పిట్టల పండితులకు ఇంకో రకం. మ్యూజియంకు తోలు, ఈకలు చెడకుండా కావాలని వెనకటి దొరలు ఇసకంత సీసపు గుళ్లతో కొట్టేవాళ్లు. మన కలివికోడి కూడా ఆ కాలపు పుస్తకాల్లోకి ఎక్కిన పిట్టే. 1900 ప్రాంతంలో అనంతపురం వైపు కనబడి మాయమైపోయింది. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చి వేటకు పగ్గాలు పడ్డాయి. ఎనభై ఏళ్లకు పైగా ఎవరికీ కనబడని ఆ పిట్ట 1986 జనవరిలో సిద్ధవటం పక్క లంకమల చిట్టడవిలో మళ్లీ దొరికింది. పట్టుకున్నది ఐతన్న అనే పల్లెటూరాయన. రాత్రిపూట, టార్చిలైటుతో. వెలుతురు పడితే అది కదలకుండా నిలబడిపోయిందట.

"గుండే లేదా?" అన్నాడు మనవడు.

"టార్చిలో బ్యాటరీలున్నాయి" అంది జేజి, కళ్లు మూసుకునే.